గోడకు నీళ్ళు తాపిన మనిషి

సున్నం సారు పోయారని ఫోను వచ్చినప్పుడు మేము ఒక కిటికీ రంగు గురించి కొట్టుకుంటున్నాం. పాతబస్తీలో నవాబులు కట్టించిన ఒక దేవిడీ ముందు భాగంలో బట్టల దుకాణం తెరిచారు. ఆ దుకాణం వాళ్ళు కిటికీ తలుపులకు చిలకపచ్చ రంగు వేసేశారు. ప్రభుత్వ జాబితాలో ఉన్న పాత కట్టడానికి బయట రంగు మార్చాలన్నా, బోర్డు పెట్టాలన్నా, ఏసీ డబ్బా తగిలించాలన్నా ముందు కమిటీ ఒప్పుకోవాలి. అది నియమం. ఆ పచ్చ పాతకాలపు పచ్చేనా, ఇప్పటి పచ్చా అని పెద్దమనుషులు కూర్చుని తేలుస్తున్నారు. నేను రంగుల అట్టలు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను.

"సున్నం సారు పోయారట" అన్నాను ఫోను పెట్టేసి.

ఒకాయన "ఎవరు?" అన్నాడు. ఇంకొకాయనకు గుర్తొచ్చింది. "ఆయనేనా, ఆ ఓనరు దగ్గర ఏదో తిన్నాడని..." అంటూ నా మొహం చూసి మధ్యలో ఆపాడు. "మంచి పనిమంతుడు లెండి పాపం" అని సర్దుకున్నాడు. ఆ తర్వాత అందరూ మళ్ళీ పచ్చరంగు దగ్గరికి వెళ్ళిపోయారు.

అట్టలు బల్ల మీద పడేసి బయటికి వచ్చేశాను. నాకు కోపం వస్తే కళ్ళనీళ్ళు వస్తాయి, అదో దరిద్రపు అలవాటు. మెట్ల మీద నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటుంటే అటెండరు చూసి, మెమో ఇచ్చారేమో అనుకున్నాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆఫీసు కాగితాల్లో తప్ప ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళను నేను చూడలేదు. చార్మినారు వెనక గల్లీల్లో పాన్‌డబ్బా వాడి నుంచి దేవిడీల వారసుల దాకా అందరికీ ఆయన సున్నం సారే. పాత కట్టడాలు చూసుకునే మా విభాగంలో ఇన్‌స్పెక్టరు. సన్నగా, పొడుగ్గా, మెడ మాత్రం ఎప్పుడూ వెనక్కి వంచి ఉండేవారు. ఏళ్ళ తరబడి గోడల పైన పొడుచుకొచ్చిన ఛజ్జాలూ, కమాన్లూ చూసి చూసి ఆ మెడ అలాగే ఉండిపోయింది. గల్లీలో నడిచేటప్పుడు కళ్ళు పైన, కాళ్ళు దేవుడి దయ. పండ్ల బండ్లకు గుద్దుకునేవారు, పడుకున్న కుక్కల్ని తొక్కేవారు. ఒకసారి ఒక హోటలు ముందు ఆరబెట్టిన పాలడబ్బాల వరస మొత్తం కూలగొట్టి, ఆ మోతకు కూడా తల దించకుండా "మాఫ్ కర్నా భాయ్" అంటూ వెళ్ళిపోయారు.

చేతిలో నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి, సంచిలో నీళ్ళ సీసా. ఆ సీసాలో నీళ్ళు ఆయన తాగగా ఎప్పుడూ చూడలేదు. అవి గోడలకు.

నేను డ్రాయింగులు గీసే కాంట్రాక్టు ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి ఆయన వెంట ఒక ఇల్లు చూడటానికి వెళ్ళాను. ఇంటాయన ముందు గోడ మరమ్మతు చేయించాడు. తెల్లగా, నున్నగా మెరుస్తోంది. నాకైతే బాగుందనిపించింది. సారు సీసా మూత తీసి, దోసిట్లో నీళ్ళు పోసుకుని గోడ మీద కొట్టారు.

"ఏంది సార్, గోడకు స్నానం చేయిస్తున్నరా?" అని నవ్వాడు ఇంటాయన.

"నీళ్ళు తాపుతున్న భాయ్. దూపయితుందో లేదో చూడాలె."

నీళ్ళు జారి కిందికి కారిపోయాయి. గోడ మీద చెమ్మ కూడా మిగల్లేదు. సారు ఇంటాయన వైపు తిరిగారు. "తాగుతలేదు. సిమెంటు పూసినవ్. పాతది డంగు సున్నం. అది ఊపిరి తీస్కుంటది. దాని ముక్కు నోరు మూసినవ్ నువ్వు. పైకి మస్తుగనే కనబడ్తది, లోపల చెమ్మ పట్టి కుళ్ళుతది. గీకేయించు."

ఇంటాయన మొహంలో నవ్వు పోయింది. అక్కడి నుంచి రెండు ఇళ్ళ అవతల ఇంకో గోడకు కూడా నీళ్ళు కొట్టారు. నల్లబడి, పెచ్చులూడి, చూడటానికి అసహ్యంగా ఉన్న గోడ అది. నీళ్ళు పడ్డచోట మచ్చ ఏర్పడి, మెల్లమెల్లగా లోపలికి ఇంకిపోయింది. "తాగింది" అన్నారు. పసిపిల్ల పాలు తాగిందని తల్లి చెప్పినట్టే చెప్పారు ఆ మాట.

ఎండాకాలమైనా ఛజ్జాల కింద నడిచేటప్పుడు గొడుగు విప్పేవారు. గల్లీ గల్లీ నవ్వేది. నేనూ నవ్వాను. "వాన మబ్బు పట్టి చెప్పి వస్తది బిడ్డా, ఛజ్జా చెప్పి రాదు" అనేవారు. చాయ్ హోటలు వాళ్ళు ఆయన్ని చూడగానే "సారొస్తున్నడు, గోడలను లోపల పెట్టుకోండ్రి" అని కేకలేసేవాళ్ళు. ఆయన చాయ్ సాసర్లో పోసుకుని, తాగేముందు సాసర్‌ను వెలుతురుకేసి పట్టి ఒకసారి పరకాయించి చూసేవారు. ఈగ పడిందేమోనని చూస్తున్నారు కాబోలు అనుకున్నాను. ఎక్కడ తాగినా అంతే, మా ఇంట్లో తాగినా అంతే. మా అమ్మ నొచ్చుకుంది కూడా.

కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మా నాన్నంటే ఆయనకు ఇష్టం. "ఇనుము కరగవెట్టే ఇంట్ల పుట్టి సున్నంల పడ్డవ్" అని నన్ను ఏడిపించేవారు. జీతం సరిపోవడం లేదనో, పనికి విలువ లేదనో నేను సణిగితే ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది. "గోడకు నోరు లేదు బిడ్డా. గందుకే మనకు కొలువిచ్చిన్రు."

ఇవన్నీ బాగానే ఉండేవి. ఒక్క విషయం మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. మా పని బయటి రూపు చూడటం. రోడ్డు మీద నిలబడితే ఏం కనిపిస్తుందో అంతవరకే మా నియమం. లోపల ఇల్లు ఎలా ఉన్నా మాకు సంబంధం లేదు. కానీ సున్నం సారు ఏ ఇంటికి వెళ్ళినా నన్ను లోపలికి పంపేవారు. తను మాత్రం గడప దాటేవారు కారు. గొలుసు చప్పుడు చేసి, "ఆఫీసు నుంచి వచ్చినమమ్మా, మా పిల్ల ఒకసారి లోపల చూస్తది" అని అడిగి, గుమ్మం పక్కన వీపు తిప్పి నిలబడేవారు.

"గోడలకు చెయ్యి పెట్టి చూడు. కళ్ళతోటి చూస్తే గాదు, చెయ్యి పెట్టు. బీరువా ఉంటే జరుపుమను. పటం ఉంటే ఎత్తి చూడు. ఆడోళ్ళు వద్దంటే బతిమాలు."

"లోపలిది మనం రాయనే రాయం కదా సార్" అని ఎన్నిసార్లు అన్నానో.

"రాయకుంటే రాయకపాయె. చూసి రా."

మా పైఅధికారికి ఇది ఒళ్ళు మంట. ముగ్గు వేయమంటే ఇల్లు అలుకుతున్నారని ఎగతాళి చేసేవాడు. నాకూ విసుగే. పరాయి ఇళ్ళలో వంటగదుల వెనక, పరుపుల చాటున, బల్లులు తిరిగే గోడలను తడుముతూ తిరగడానికా నేను డిప్లొమా చదివింది? ఒకరోజు తట్టుకోలేక, ఎందుకిది చేయిస్తున్నారో చెప్పకపోతే రేపటి నుంచి రానన్నాను. సారు గొడుగు తీసుకుని నడిచారు. నేను వెంట వెళ్ళాను.

షాలిబండ వైపు ఒక సన్న గల్లీలోకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక దేవిడీ ముఖం ఉంది. ముఖం అనే అంటాను, వేరే మాట లేదు. ఎత్తైన కమాను, దాని మీద సున్నపు పూలతీగలు, అటూ ఇటూ చెక్క జాలీల కిటికీలు. ఎక్కడా ఒక్క పువ్వు రాలలేదు. తలుపుకు తాళం వేసి ఉంది. ఫోటో తీసి అట్ట మీద అచ్చు వేయొచ్చు, అంత బాగుంది.

"సందుల నుంచి చూడు" అన్నారు.

తలుపు చెక్కల సందులో కన్ను పెట్టాను. లోపల ఇల్లు లేదు. రాళ్ళకుప్ప మీద ఆముదపు మొక్కలు పెరిగాయి. ఆ పైన ఆకాశం.

సారు అవతలి గోడకు ఆనుకుని చెప్పారు. ఆయన మాటల్లోనే రాస్తాను.

"ముందు భాగం ఖాళీ. ఎనుక ఆడోళ్ళుండే జనానాల కిరాయికి ఒక ముసల్మాన్ ఆమె ఉండె, ఆమె బిడ్డ ఉండె. మగదిక్కు లేదు. ఓనరుకు ఇది కూలగొట్టి కాంప్లెక్సు కట్టాలెనని. మన జాబితాల ఉన్నది గావట్టి ఆగిండు. అంటే ఏంది? ఈ పూలతీగె ఉన్నంతసేపే ఆమెకు ఇల్లు. గది ఆమెకు ఎరికే. ఓనరు ఇల్లు పాడువడ్డదని అర్జీ పెట్టిండు, నేను చూడవచ్చిన. నేను లోపలికి ఎట్ల పోత? ఆడోళ్ళున్న ఇల్లు. ముందట మగోళ్ళు కూసునే దివాన్‌ఖానాల కూసున్న. ఆమె చిల్మన్ తెర ఎనుక నుంచి మాట్లాడింది. 'అందర్ సబ్ అచ్ఛాఇచ్ హై భాయ్‌జాన్, తుమే బాహర్ దేఖ్‌కే లిఖ్ లేవ్' అన్నది. లోపలంత బాగనే ఉన్నది, బయట చూసి రాసుకోండ్రి అని. చాయ్ పంపింది. తెర కింద నుంచి చెయ్యి ఒక్కటే కనబడ్డది, మట్టిగాజులు."

 గల్లీలో ఒక మనిషి సైకిలు తోసుకుంటూ పోయేదాకా ఆగారు.

"చాయ్‌ల సున్నం పెచ్చు తేలుతుండె బిడ్డా. గింతంత. కొత్తగ రాలింది, తెల్లగ. అంటే లోపల పైకప్పు రాలుతున్నది. నాకు తెల్వదా? ఏలుతోటి తీసేసి తాగిన. ఆమె ఇజ్జత్ అని తాగిన. లోపలికి పోయి చూస్తనంటే తెరల ఉన్న మనిషిని అవమానం చేసినట్టు. రాస్తె రోడ్డు మీదికి తెచ్చినట్టు. గోడ గట్టిగున్నదని రాసి సంతకం పెట్టి పోయిన."

ఆ వానాకాలంలోనే ముఖం తప్ప లోపలంతా కూలింది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

"ఆమె మొహం అప్పుడే చూసిన. రాళ్ళ కింద నుంచి తీసినప్పుడు. అప్పుడు అందరు చూసిన్రు, గల్లీ గల్లీ అంత చూసిన్రు. ఇగ పర్దా ఏడున్నది? మనోళ్ళు ఫైల్ల ఏం రాసిన్రో తెలుసా? బయటి రూపుకు ఏం నష్టం గాలేదని రాసిన్రు. నిజమే రాసిన్రు."

ఆ తర్వాతే ఆయన ఆఫీసులో కాళ్ళావేళ్ళా పడి, ఇళ్ళు చూసేటప్పుడు వెంట ఒక ఆడమనిషి ఉండాల్సిందేనని పట్టుబట్టి, నా కాంట్రాక్టు ఉద్యోగాన్ని పుట్టించారు. నేను ఇంటర్వ్యూలో గెలిచి వచ్చానని అనుకుంటూ ఉన్నాను అప్పటిదాకా. తిరిగి వచ్చేటప్పుడు దారిలో చాయ్ తాగాం. ఆయన సాసర్‌ను వెలుతురుకేసి పట్టారు. నేను తల తిప్పుకున్నాను.

ఆ తర్వాత గోడలు తడమనని ఎప్పుడూ అనలేదు.

రెండో ఇంటి సంగతి నా చేతిమీదుగా జరిగింది. అది కూడా దేవిడీయే, ఇంకొంచెం చిన్నది. కమాను కింద ఒకామె ఇస్త్రీ బండి పెట్టుకుని ఉండేది. బొగ్గుల పెట్టె, బలమైన చెయ్యి, దానికంటే బలమైన నోరు. గల్లీ అంతా ఇస్త్రీ అక్క అనేవాళ్ళు. మామ కాలం నుంచి వెనక గదుల్లో కిరాయికి ఉంటున్నారు. భర్త సరుకు మోసే మాల్ ఆటో నడుపుతాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఇక్కడా ఓనరు ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉన్నాడు. ఇక్కడా జాబితా అడ్డుగా ఉంది.

నేను లోపలికి వెళ్ళాను. వెనక గదిలో పిల్లలు పడుకునే మంచం పక్కన గోడకు దేవుడి కేలండర్లు వరసగా తగిలించి ఉన్నాయి. పాత ఏళ్ళవి కూడా తీయలేదు. ఒకటి ఎత్తబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"దేవుని పటం ఎనుక ఏం చూస్తవ్ బిడ్డా?"

"ఒక్కసారి అక్కా."

"నీ కాల్మొక్త, వద్దు."

ఎత్తాను. గోడ పైనుంచి కిందిదాకా విచ్చుకుని ఉంది. చెయ్యి పెట్టాను. వేళ్ళు వెళ్ళాయి, అరచెయ్యి వెళ్ళింది, మణికట్టు దగ్గర ఆగింది. లోపల తడిగా, చల్లగా ఉంది. చెయ్యి తీసేసరికి గోళ్ళనిండా మట్టి. ఆ గోడే ముందుకు వెళ్ళి కమానును పట్టుకుని నిలబడింది.

బయటికి వచ్చాను. అక్క నా వెనకే వచ్చింది.

"చెయ్యి పట్టిందా?" అన్నారు సారు.

"మణికట్టు దాకా."

సారు గొడుగు గోడకు ఆనించి, కాగితం తీశారు. అక్క ఇస్త్రీ పెట్టె కింద పెట్టి ఆయన కాళ్ళ మీద పడింది. "రాయకు సారూ! నువ్వు రాస్తె వాడు రేపే కూలగొడ్తడు. గీ కమాను ఉన్నంతసేపే మేమున్నం. ఇన్నేండ్లు పడలే, ఇప్పుడు పడ్తదా? మేం సస్తె మేం సస్తం, నీకేంది? నీకు పిల్లలు లేరా?"

సారు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. కానీ రాశారు. నిలబడే రాశారు.

ఆయన మొదట ఖాళీ చేయించమని రాయలేదు. గోడకు కర్రలతో ఊతం పెట్టి, లోపల బాగుచేయించాలని, అందాకా పిల్లల్ని ముందు గదిలో పడుకోబెట్టాలని రాశారు. దానికి మావాళ్ళు ఏమన్నారో వినండి. ముందు గోడకు ఊతకర్రలు పెడితే అవి రోడ్డు మీదికి కనిపిస్తాయి. కనిపిస్తే బయటి రూపు మారినట్టే. బయటి రూపు మారితే కమిటీ సమీక్ష జరగాలి. వచ్చే సమావేశంలో పెట్టండి అన్నారు. వచ్చే సమావేశం ఎప్పుడంటే, సభ్యులందరికీ వీలు కుదిరినప్పుడు. అవతల మబ్బులు కమ్ముకొస్తున్నాయి.

"గోడ పడిపోతుంది, కర్రలు పెట్టుకోనియ్యండి సార్" అని ఆయన ఒక్కొక్కరి గదికీ తిరిగారు. నేను వెంట ఉన్నాను. ఒక పెద్దాయన చాలా మర్యాదగా, "మీరే ఇన్నేళ్ళు అందరికీ ఈ నియమం చెప్పారు కదండీ" అన్నాడు. అదీ నిజమే. మేకు కొట్టినందుకు కూడా నోటీసు ఇచ్చిన మనిషి ఆయన.

అప్పుడు ప్రమాదకరమని రాశారు. ఊతకర్రకు సమావేశం కావాలి కానీ ఖాళీ చేయించడానికి ఒక్క కాగితం చాలు. వెంటనే కదిలింది. బాగుచేయించాక మళ్ళీ ఇక్కడే ఉండనిస్తానని ఓనరు అందరి ముందూ చార్మినారు మీద ఒట్టేశాడు. అక్క సామాను ఆటోలో పెడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. "నీ చేతులు పడిపోను, నీ ఇల్లు నేలమట్టంగాను, నా పిల్లల నోట్ల మన్ను గొట్టినవ్ గదరా!" నన్నూ వదల్లేదు. "దేవుని పటం ఎనుక చెయ్యి పెట్టినవ్, నీ చెయ్యికి పుండువుట్ట!" సారు గొడుగు మూసి, తల వంచి, మొత్తం విన్నారు. ఆ మెడ వంగగా చూడటం నాకు అదే మొదలు.

వరసగా సెలవులు వచ్చినప్పుడు చూసి, ప్రమాదకరమన్న ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఓనరు కూలగొట్టే మిషను తెప్పించాడు. మేము వెళ్ళేసరికి కమాను కూడా లేదు. ఒక్క వాన కూడా పడకముందే అయిపోయింది. ఆ గోడ తనంతట తాను పడేదా, ఇంకో పదేళ్ళు నిలిచేదా అన్నది ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. సారు ఆ కుప్పలోంచి సున్నపు ముక్క ఒకటి తీసి దాని మీద నీళ్ళు పోశారు. "తాగింది" అని కింద పెట్టేశారు.

సారు ఓనరుకు అమ్ముడుపోయాడని పేరొచ్చింది. పాత కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు అందరికంటే ఎక్కువ తిట్టారు. ఆఫీసు సంజాయిషీ అడిగింది. షాలిబండ ఇంటి సంగతి చెప్పండి సార్, అందుకే ఇలా రాశానని చెప్పండి అని నేను పోరాను. "చెప్తే అప్పుడు అబద్ధం రాసిన్నని గూడ చెప్పాలె గద" అన్నారు. చెప్పలేదు. శాలువా లేదు, ఫోటో లేదు, ఒక సాయంత్రం సంచి భుజాన వేసుకుని రిటైరై వెళ్ళిపోయారు.

ఆ తర్వాత అప్పుడప్పుడూ చాయ్ హోటల్లో కలిసేవారు. ఒకటి గమనించాను. ఆయన చొక్కాల మీద ఇస్త్రీ కాలిన మచ్చలు. ఒకసారి కాలరు మీద, ఒకసారి జేబు మీద, ఒకసారి వీపు మధ్యలో పెట్టె ఆకారం మొత్తం అచ్చుపడి ఉంది. ఇంట్లో ఆమెకు చూపు తగ్గిందేమో అనుకుని, ఒకరోజు అడిగేశాను.

"బహదూర్‌పురాల చేయిస్తున్న" అన్నారు. ఉప్పుగూడలో ఇల్లున్న మనిషి బట్టలు ఇస్త్రీ చేయించడానికి బహదూర్‌పురా దాకా ఎందుకు పోతాడు? నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన సాసర్లోకి చూసుకున్నారు. "జూ దిక్కు పోయే తొవ్వల, ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కవరు కప్పుకొని ఉన్నరు. బండి గూడ ఆడనే."

"ఇంకా తిడుతోందా?"

"మస్తు. పెట్టె వెట్టినప్పటి నుంచి ఎత్తేదాంక తిడ్తది. కావాలెనని కాలవెడ్తది."

"ఎందుకు పోతారు సార్ మరి?"

"తిట్టాలంటే బతికుండాలె గదమ్మా" అన్నారు. "పెద్ద పిల్ల గూడ నేర్చుకున్నది తిట్టుడు. ఆమెలెక్కనే."

షాలిబండ సంగతి ఆమెకు నేను చెప్తానన్నాను. ఆయనకు కోపం వచ్చింది. ఆయన కోపం నేను చూసింది ఆ ఒక్కసారే. "చెప్పకు. చెప్తే జాలివడి తిట్టుడు బంద్ చేస్తది. ఆమె ఇల్లు పోయింది, ఆ తిట్టన్న ఉండనియ్యి."

ఫోను వచ్చిన రోజు ఉప్పుగూడ వెళ్ళాను. స్టేషను వెనక రెండు గదుల ఇల్లు. సిమెంటు గోడలు, సిమెంటు కప్పు. మంచం మీద పడుకోబెట్టారు. చాయ్ తాగుతూ అలాగే పక్కకు ఒరిగారట. ఆ మెడ ఇప్పుడు తిన్నగా ఉంది. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, ఆ తర్వాత బీరువా చూపించింది.

"ఒక్క మంచి చొక్క దొరకలే బిడ్డా తొడుగుదామంటే. అన్నిట్కి కాలిన మచ్చలే. ఏడ ఇస్త్రీ చేయిస్తడో అడిగితే చెప్పకపాయె. ఇంకో మూట ఇచ్చొచ్చిండట, గది గూడ ఏడున్నదో."

కాలిన మచ్చ జేబు కింద ఉన్న చొక్కా ఒకటి తొడిగి, మచ్చ మీదికి పూలదండ జరిపారు.

అన్నీ అయిపోయాక, మరుసటి వారం ఆ మూట కోసం బహదూర్‌పురా వెళ్ళాను. గోడ పక్కన నీలం కవరు కట్టి ఉంది. కవరు మధ్యలో వాననీళ్ళు నిలిచి కడుపులా కిందికి దిగాయి. పెద్దపిల్ల కర్రతో దాన్ని పైకి పొడుస్తోంది. నీళ్ళు దబ్బున రోడ్డు మీద పడ్డాయి. చిన్నపిల్ల మీద చిందితే అక్కను తిట్టింది. ఆయన చెప్పింది నిజమే, తల్లి గొంతే ఇద్దరిదీ.

అక్క నన్ను గుర్తుపట్టింది. "ఏంది, ఇంక ఎవల గోడల చెయ్యి పెట్టనీకొచ్చినవ్?"

"సారు బట్టలున్నాయట అక్కా. తీసుకుపోదామని."

"ఆయనకేమైంది, రానీకి?"

"పోయారు."

ఇస్త్రీ పెట్టె గుడ్డ మీదే ఉంది. ఆమె ఎత్తలేదు. వాసన రాగానే పెద్దపిల్ల వచ్చి లాగి పక్కన పెట్టింది. అక్క అప్పుడు మొదలుపెట్టింది. ఆయన్ని, ఆయన కాగితాన్ని, సంతకాన్ని, గొడుగును, నన్ను, ఓనరును, ఆ దేవిడీ కట్టించిన నవాబును, ఎవర్నీ వదల్లేదు. ఏడుస్తూ తిట్టిందో, తిడుతూ ఏడ్చిందో. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. నేను సారు నిలబడినట్టే తల వంచుకుని నిలబడ్డాను. షాలిబండ ఇల్లు, చాయ్‌లో తేలిన సున్నం పెచ్చు, మట్టిగాజుల చెయ్యి, అంతా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఆమె ఆగిపోయేది. నాకు భారం దిగేది. కానీ ఆయన వద్దన్నారు. మింగేశాను.

తిట్టీ తిట్టీ అలసిపోయి, చెంగుతో మొహం తుడుచుకుని, మూట వెతికి తీసింది. ఇస్త్రీ అయి ఉన్నాయి. పై చొక్కా కాలరు మీద కొత్త మచ్చ.

"ఎట్ల వోయిండు?" అంది.

"చాయ్ తాగుతూ."

"ఏడ? దవాఖానల్నా?"

"కాదు, ఇంట్లోనే."

ఆమె తల ఎత్తి కవరు వైపు చూసింది. పెద్దపిల్ల కర్రతో మళ్ళీ పైకి పొడుస్తోంది. నీళ్ళు మళ్ళీ నిలిచాయి.

"నసీబున్నోడు" అంది అక్క. "ఇంట్ల సచ్చిండు."